మూలబడిన కవ్వము

పెండ్లిపందిట పంక్తులు తీరి, విస్తరిలో పప్పు పడిన పిదప నేతి గిన్నె ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచుట హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి తరతరముల అలవాటు. వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను ఒకటే యను సామెత నేతిని గూర్చియే పుట్టినదని మా నమ్మకము. పప్పు అందఱికిని వచ్చును. నెయ్యి మాత్రము వడ్డించువాని చేయి వంగినంతయే. నేడును ఆ గిన్నె వచ్చుచునే యున్నది, చేయి వంగుచునే యున్నది. కాని గిన్నెలో ఉన్నది ఏమియో రూఢిగా చెప్పగలవారు పంక్తికి నలుగురైన ఉందురా యని మాకు సందేహము.

వెనుకటి యింటివంటల రుచి ఇప్పుడు లేదని మన పెద్దలు పలువురు వాపోవుచుందురు. పెరుగు చిలికి తీసిన వెన్న, ఆ వెన్న కాచిన నెయ్యి, మేకకొవ్వు కరగించి దానిలోనే పోపు పెట్టిన కూర, ఇవన్నియు వారి మాటలలో దొరలును. వృద్ధుల చాదస్తమని ఆ మాటలను త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. రుచి పోయినదని నిట్టూర్చి ఊరకుండుటకును ఒప్పదు. పోయినది ఏమి, అది ఏ దారిని పోయినది, దానితోపాటు మఱి యేమి పోవుచున్నది అని విచారించుట మన విధి.

ముందుగా ఒక సత్యమును మఱువరాదు. వెనుకటి కాలమున ప్రతి యింటను నేతి కుండలు పొంగి పొరలినవన్న మాట కల్ల. మనది మెట్టనేల. రాగులు, ఉలవలు, అనుములు, కన్నడిగులు హుచ్చెళ్లనెడి వెఱ్ఱినువ్వులు ఇక్కడి పంటలు. కావేరి గట్టునగల ఆలంబాడి పేర ప్రసిద్ధికెక్కిన మన పశువులు కాడికి, బండికి పెట్టినది పేరు, పాలకుండకు కాదు. ఇంటనున్న ఒకటి రెండు ఆవులో, ఎనుములో ఇచ్చిన పాలను తోడువేసి చిలికినచో వచ్చిన వెన్నలో పాలు పంచుకొనువారు పలువురు. శిస్తుకు, ఉప్పునకు, గుడ్డకు రొక్కము కావలసి ఆ వెన్నను వీసెల లెక్కన సంతలో అమ్ముకొన్న యిండ్లు ఎన్నియో కలవు. అట్టి యిండ్లలో పిల్లలకు మిగిలినది మజ్జిగ. ఉన్న యిండ్లలో సైతము నేతి గిన్నె మొదట అల్లుని వైపు, పిదప ఇంటి పెద్ద వైపు, ఆ పిదప మగపిల్లల వైపు నడచెడిది. తెల్లవాఱుజామున లేచి చిలికిన కోడలి ముద్దమీద పడినది చేతికి అంటిన జిడ్డు మాత్రమే. బాలింతరాలై మంచము పట్టిన నాళ్లలోనే ఆమెకు నేతిలో వేచిన వెల్లుల్లి కడుపునిండ దొరకినది. పాత రుచులను తలచుకొను పెద్దలు దీనినిగూడ తలచుకొనవలెనని మా మనవి.

ఇంత కొంచెమైనది గనుకనే నేతికి అంత మన్నన గలిగినది. అది ఇంటిలో ఎట్లు తయారయినదో ఎఱుగనివారు నేటి పిల్లలలోనే కాదు, వారి తల్లులలోను కలరు. కావున కొంత విస్తరించి వ్రాయుచున్నాము. పితికిన పాలను మట్టికుండలో పోసి, దాలిలో పిడకల సెగమీద ప్రొద్దెల్ల ఉంచెడివారు. పాలు పొంగవు, మాడవు. మీగడ మాత్రము దళసరియై ఎఱ్ఱబాఱును. సాయంకాలమునకు దించి, గోరువెచ్చనై యుండగా తోడు వేసి, ఉట్టిమీద పెట్టుదురు. మఱునాటి వేకువకు ఆ పెరుగును చల్లకుండలో పోసి, కంబమునకు కవ్వము కట్టి, త్రాటితో చిలుకుదురు. చలికాలమున కొంచెము వేడినీరు, ఎండకాలమున చల్లనినీరు ఎంత పోయవలెనో పుస్తకములో వ్రాసినది కాదు. కవ్వపు చప్పుడు మాఱుటనుబట్టి చేతికి తెలియును. వెన్న తేలినపుడు ఆ చప్పుడు బరువెక్కును. తీసిన వెన్నను కడిగి, నీళ్లలో ఉంచి, వారమున కొకమాఱు కాచుదురు. కాగుచున్న వెన్న చిటపటలాడుట నిలిచిన క్షణమును కనిపెట్టుటయే నేర్పు. నిలువకముందు దించినచో నీరు మిగిలి నెయ్యి త్వరగా కంపుకొట్టును. నిలిచిన పిదప ఆలసించినచో మాడును. దించుటకు ముందు కొందఱు తమలపాకు, కొందఱు మునగాకు వేయుదురు. ఏ యింట ఏ ఆకు వేయుదురో దానినిబట్టి పుట్టిల్లు ఏదో చెప్పగలిగిన ముత్తైదువలు ఉండెడివారు.

గిన్నె అడుగున మిగిలిన గసి పిల్లల సొత్తు. దానిలో వేడి వేడి రాగిముద్దయో, బెల్లపుముక్కయో వేసి పొరల పెట్టి యిచ్చినపుడు అన్నదమ్ములు తగవులాడని యిల్లు ఉండదు.

ఈ నేతి రుచికి కారణము లేకపోలేదు. పాలు తోడుకొని పెరుగైనపుడు పుట్టిన పులుపును పరిమళమును వెన్నకు అంటియుండును. కాచినపుడు అవి నేతిలో నిలుచును. యంత్రముతో పాలనుండి నేరుగా మీగడ తీసి కాచిన నేతికి ఆ వాసన రాదు. అది కల్తీ కాదు, మోసము కాదు. పెరుగు నడుమ లేకపోవుటయే భేదము. ధనుర్మాసపు చలిలో అనపకాయలు వచ్చినపుడు, నానబెట్టి పొట్టు పితికిన పప్పుతో చేసిన పులుసు, ముద్ద, దాని నడుమ బొటనవ్రేలితో చేసిన గుంటలో కరగుచున్న నెయ్యి, ఈ మూడును కలిసిన రుచిని ఎఱిగినవారికి మేము వేఱుగా చెప్పనక్కఱ లేదు. ఉగాదినాటి ఓళిగకు, ఉలవచారులో వేసిన వెన్నముద్దకును ఇదియే వర్తించును.

మాంసాహారుల యిండ్ల మాట చెప్పకున్న ఈ ప్రస్తావన కుంటువడును. పల్లెలో మారెమ్మ పండుగకు మేకను కోసినపుడు మూత్రపిండముల చుట్టునుండు గట్టి కొవ్వును పాఱవేసినవారు లేరు. దానిని ముక్కలుగా తఱిగి, ముందుగా అడుగుమందపు కుండలో కరగించి, ఆ చమురులోనే ఉల్లిపాయలును మసాలయును వేచి, మాంసము వేసెడివారు. గానుగనూనె వెల పెట్టి కొనవలసినది. కొవ్వు మాంసముతోపాటు వచ్చునది. ఇందు పొదుపును కలదు, రుచియును కలదు. చల్లబడినచో అంచుల తెల్లగా పేరుకొనును గనుక వేడిమీదనే తినవలెనను నియమమును కలదు. దీనిని చెప్పుకొనుటకు నేడు కొందఱు సిగ్గుపడుదురు. ఏల సిగ్గు? ఒక ప్రాణిని వండుకొనునపుడు దానిలో దేనిని వ్యర్థపఱుపకుండుట మర్యాదయని మా తలంపు.

ఇక ఇవి మన యిండ్లను విడిచి పోయిన దారులు. మొదటిది డబ్బా. ద్రవమగు నూనెలో ఉదజని వాయువును చొప్పించి గడ్డకట్టించు విద్యకు జర్మనీ దేశీయుడగు విల్హెల్మ్ నోర్మన్ 1902లో పేటెంటు కోరెను. 1911లో అమెరికాలో ఈ రీతి కొవ్వు వంటింటికి అమ్మకమునకు వచ్చెను. మన దేశమున 1937లో డాల్డా వచ్చెను. పసుపుపచ్చని డబ్బా, దానిమీద తాటిచెట్టు బొమ్మ. అవి ఎఱుగని యిల్లు లేకపోయెను. నూనె అయిపోయిన పిదప ఆ డబ్బాయే పప్పులకు, ఆ పిదప తులసిమొక్కకు ఆధారమైనది. దానికి జనులు పెట్టిన పేరు వనస్పతి నెయ్యి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతయో ఇందులోను అంతయే.

దీనిని నాడే ఎదిరించినవారు లేకపోలేదు. నేతిలో కల్తీకి ఇది సాధనమగుచున్నదని గాంధీమహాత్ముడు 1946లో గట్టిగా ఆక్షేపించెను. 1950లో పండిత ఠాకూర్‌దాస్ భార్గవ దీని నిషేధమునకై పార్లమెంటున బిల్లు తెచ్చెను గాని అది చట్టము కాలేదు. ప్రభుత్వము వేఱొక ఉపాయము చేసినది. వనస్పతిలో నూటికి 5 పాళ్లు నువ్వులనూనె కలుపవలెనని నియమము పెట్టినది. ఏల యన, నువ్వులనూనె ఉన్న నేతిలో ఒక ఆమ్లమును మఱియొక ద్రవ్యమును వేసి కలియబెట్టినచో ఎఱ్ఱనిరంగు తేలును. దానితో వర్తకుని దొంగతనము బయటపడును. నువ్వుగింజను కావలివానిగా నిలిపిన ఈ యుక్తి మెచ్చుకొనదగినది. అయినను కల్తీ ఆగినదా? నేతికల్తీ మన తరమున పుట్టినది కాదు. 1917లోనే కలకత్తానగరమున నేతిలో కొవ్వు కలిపిరను వార్త పుట్టి, భక్తులు గంగయొడ్డున ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నేతిని గూర్చి వివాదము చెలరేగి, అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమింపవలసి వచ్చెను. ఏడుకొండలవాని దర్శనమునకు ఏటేట పోవు మనవారు ఆ దినములలో ఎంత కలత చెందిరో మాకు తెలియును. తన చేత కాచని నేతిని గూర్చి నమ్మకము తప్ప వేఱు ఆధారము ఎవరికిని లేదు.

రెండవ దారి ఇంతకంటె నెమ్మదియైనది. దానిని నిందించుటకు నోరు రాదు. 1970లో క్షీరవిప్లవ పథకము ఆరంభమైన పిదప పల్లెపల్లెకును పాల సంఘములు వచ్చెను. సంకరజాతి ఆవులు వచ్చెను. సైన్యపు గుఱ్ఱములకై 1824లో ఏర్పడి, పిమ్మట పశుక్షేత్రమై, ఎఱ్ఱ సింధీ ఆవులకు పేరొందిన మత్తిగిరి మన హోసూరు ప్రక్కనే యున్నది గనుక మేలుజాతి పశువన్న మాట మనకు క్రొత్త కాదు. ఉదయము, సాయంకాలము పాలు సంఘమునకు పోసినచో లెక్కకు రొక్కము వచ్చుచున్నది. ఆ రొక్కముతో పిల్లలు చదువుకొనిరి, ఆడుబిడ్డల పెండ్లిండ్లు జరిగెను. భర్తను పోగొట్టుకొన్న స్త్రీలు ఒక్క ఆవును నమ్ముకొని సంసారము ఈదుకొచ్చిన యిండ్లు మన పల్లెలలో ఉన్నవి. సంఘమువారు పాలకు వెల కట్టునది కొవ్వుశాతమునుబట్టి. ఇందొక వింత కలదు. వెనుక అమ్మమ్మ వెన్నగా తీసి పెట్టిన కొవ్వు నేడు పాల పుస్తకములో ఒక అంకె. ఆ అంకె పెరుగవలెనని చిట్టు, తవుడు పెట్టుచున్నారు గాని ఆ కొవ్వు ఇంటి గడప లోపలికి రాదు. పాడిగల రైతు సాయంకాలము అంగడిలో పొట్లపు పాలు కొని కాఫీ త్రాగుటను మనము చూచుచునే యున్నాము. ఆ పొట్లములోని టోన్డు పాలలో కొవ్వు నూటికి 3 పాళ్లు. దానిని తోడువేసి చిలికినచో కవ్వమునకు శ్రమ తప్ప వెన్న కానరాదు.

లెక్క చూతము. నూటికి 4 పాళ్ల కొవ్వుగల ఆవుపాలు సుమారు 25 లీటర్లు చిలికినగాని కిలో నెయ్యి రాదు. ఆ పాలకు సంఘము ఇచ్చు రొక్కమును ఒక ప్రక్క, అంగడి నేతి వెలను ఒక ప్రక్క పెట్టి చూచు గృహిణి చిలుకుట దండుగ యని తీర్మానించినచో ఆమె తప్పేమున్నది? చిలుకు చేతుల కూలి ఆ లెక్కలో ఎన్నడును చేరలేదని మాత్రము మేము గుర్తుచేయుచున్నాము.

వైద్యుల మాట వినకుండ ఈ విషయము ముగింపరాదు. నేతిని అమృతమని పొగడువారును, విషమని భయపెట్టువారును నేడు సమానముగా కలరు. నేతిలోని కొవ్వులో సగమునకు మించినది గడ్డకట్టు జాతి కొవ్వు. అది రక్తములోని చెడు కొలెస్టరాలును పెంచును. నాడు రాగిముద్దమీద గరిటెడు నెయ్యి తిన్నవాడు ప్రొద్దుగూకువఱకు నాగలి పట్టినవాడు. ఆ నేతిని తలచుకొని, ఆ నాగలిని మఱచి, కార్యాలయమున కూర్చుండువారు గరిటెలు ఎత్తుట వివేకము కాదు. గుండెజబ్బు, మధుమేహము గలవారు తమ వైద్యుని అడిగియే తినవలెను. కాని నేతికి భయపడి డబ్బాను ఆశ్రయించినవారి గతి మఱియు చెడ్డది. ఉదజని అరకొఱగా చొప్పించిన నూనెలో పుట్టు ట్రాన్స్ కొవ్వులు చెడు కొలెస్టరాలును పెంచుటయే కాక మంచిదానిని తగ్గించునని హాలండు దేశపు శాస్త్రజ్ఞులు 1990లో నిరూపించిరి. డాల్డా వచ్చిన 85 ఏండ్లకుగాని, అనగా 2022 జనవరికిగాని, మన దేశమున ఆహారపు నూనెలలో, కొవ్వులలో వీనిని నూటికి 2 పాళ్లకు మించనీయరాదను నియమము అమలునకు రాలేదు. రెండు తరముల వారు పండుగనాటి పిండివంటలను దానితోనే వండుకొనిరి.

రుచిని గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు ఎవరైన వ్రాయగలరు. మన పత్రిక వ్రాయవలసినది ఇంకొకటి కలదు. 1956లో భాషనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు మనము మద్రాసు రాష్ట్రమున నిలిచితిమి. 2006 నాటి చట్టము ప్రకారము బడులలో తమిళము ఒకటవ తరగతితో మొదలై ఏటేట ఒక్కొక్క తరగతికి నిర్బంధమై వచ్చినది. తమిళము మనకు పరాయి కాదు; మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. కాని తెలుగు బడి తగ్గినకొలది తెలుగునకు మిగిలిన బడి వంటిల్లు. 2024 జూన్‌లో కృష్ణగిరి సభ్యుడు శ్రీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగున ప్రమాణము చేసినపుడు మనమందఱమును పొంగిపోతిమి. ఆనాడు చప్పట్లు కొట్టిన మన పిల్లలను పిలిచి కవ్వమనగా నేమి యని అడిగి చూడుడు.

కవ్వము, తరిత్రాడు, చల్లకుండ, ఉట్టి, దాలి, తోడు, మీగడ, గసి. ఈ మాటలు నిఘంటువులో ఉండును. నోటిలో ఉండవలెనన్న చేతిలో పని ఉండవలెను. పొట్లపు పాలు కొను ఇంటిలో తోడు అను మాట ఇంకను బ్రతికియున్నది, తరిత్రాడు చచ్చినది. మన సీమ మూడు భాషల కూడలి. ఒకే వీథిలో కన్నడిగుడు తుప్ప మనును, తమిళుడు నెయ్ అనును, మనము నెయ్యి అందుము. సంస్కృతమున స్నేహమనగా చమురును చెలిమియును. తెలుగున చెలిమికి నెయ్యమని పేరు. ఈ అందము ఎవరో పండితుడు వచ్చి చెప్పవలసినది కాదు. పంక్తిలో నేతి గిన్నె పట్టుకొని తిరిగిన వదినె, బావ, మేనమామల నోట హాస్యముగా పిల్లలకు అందెడిది.

కావున మేము కోరునది పెద్దది కాదు. పాడి ఉన్నవారు వారమున ఒక్క పూట పాలు సంఘమునకు పోయక ఇంట ఉంచుకొని, తోడువేసి, పిల్లల ఎదుట చిలుకుడు. ఆ పూట కవ్వపు త్రాడు మగపిల్లలకును ఈయుడు. వెనుకటివలె ఆ శ్రమ కోడలికి మాత్రమే మిగులరాదు. పాడి లేనివారు పొరుగున పాడిగలవారియొద్ద పాలు తెచ్చుకొని నెలకు ఒక్కమాఱైన ఈ పని చేయుడు. పెండ్లి చేయువారు పదునాఱు రకముల నూనెవంటలలో నాలుగు తగ్గించి, ఆ వెలతో విస్తరికి ఒక్క చెంచా మంచి నెయ్యి వడ్డింపుడు. వంటవానికి డబ్బా తెమ్మని చెప్పి, పంక్తిలో నెయ్యి నెయ్యి యని కేకలు వేయించుట అతిథిని అవమానించుటయే.

ఇంటి పెద్దమ్మలను, అవ్వలను అడిగి ఈ క్రింది సంగతులు మాకు వ్రాసి పంపుడు. చిలుకునపుడు కవ్వమును దేనికి కట్టెడివారు, ఆ కంబమునకును త్రాటికిని మీ యూరిలో పేరేమి? వెన్న కాచునపుడు ఏ ఆకు వేసెడివారు, ఏ దినమున వెన్న కాచరాదనెడివారు? గసిని మీ యింట ఏమని పిలిచిరి, దేనితో తినిరి? మేకకొవ్వు కరగించిన కుండకు వేఱు పేరు ఉన్నదా? తెలుగున వ్రాయుట రాని పిల్లలు తమిళలిపిలోనైన వ్రాయవచ్చును. మేము తెలుగులిపిలోనికి మార్చి అచ్చువేయుదుము. హోసూరు, డెంకణికోట, శూళగిరి, బేరికె, బాగలూరు, కృష్ణగిరి, వేపనపల్లి, ఏ ఊరి మాటను ఆ ఊరి పేరుతోనే ప్రకటింతుము. జాబులో చెప్పినవారి వయస్సు తప్పక వ్రాయవలెను.